సందులో పిరమిడ్

ఆ సోమవారం పొద్దున మల్లీశ్వరి వేసుకున్న పథకం చాలా చిన్నది. రొట్టెలు కాల్చాలి, కూతురు లహరికి జడ వేయాలి, పది గంటల లోపల పిరమిడ్‌ను బడికి చేర్చాలి. బడి దూరం కూడా కాదు. వాళ్ళ సందు ఆ చివర, వంక ఒడ్డున ఉంది. మిద్దె మీద నిలబడితే జెండా కర్ర కనిపిస్తుంది. అంత దగ్గరికి ఒక బొమ్మను తీసుకుపోవడానికి భయమెందుకని ఎవరైనా అనుకుంటారు. మల్లీశ్వరి అలా అనుకునే మనిషి కాదు. మబ్బు పట్టకపోతే కరువనీ, పడితే పిడుగనీ భయపడే మనిషి.

అయితే ఆ పొద్దున ఆమెలో భయం కంటే కోపమే ఎక్కువగా ఉంది. ఆ కోపం శనివారం నాటిది. ఆరో తరగతి పిల్లలకు ప్రాచీన ఈజిప్టు పాఠం చెప్పిన భారతి టీచరు, అందరూ పిరమిడ్ నమూనా చేసుకొని రావాలని ఫోన్ గ్రూపులో పెట్టింది. సోమవారం మండలం నుంచి అధికారి వస్తాడు, ఒక్కొక్కరూ తమ పిరమిడ్ పక్కన నిలబడి ఆయనకు నాలుగు మాటలు చెప్పాలి. చివర్లో "పెద్దలు కొంచెం సాయం చేయవచ్చు" అని కూడా ఉంది. ఆ 'కొంచెం' చూసి మల్లీశ్వరికి ఒళ్ళు మండిపోయింది.

"యాడో ఎడారిలో రాజు చచ్చిపోతే, ఈడ దినాలు మేం చేయాల్నా?" అని ఫోను మంచం మీద పడేసింది. "ఎప్పుడు పోయినాడంట ఆయప్ప?"

"నాలుగున్నర వేల ఏండ్లయింది మా," అంది లహరి.

"ఇన్నేండ్లు ఆగినోడు, చేన్లో కలుపు తీసేదాకా ఆగలేడా?"

కోపమైతే చూపించింది గానీ, చేసేది లేదని మాత్రం అనలేకపోయింది. దానికి కారణం ఉంది. లహరి ఇంట్లో గలగలా మాట్లాడుతుంది. బడి గేటు దాటితే నోరు కుట్టేసినట్టే. హాజరు పిలిస్తే చెయ్యెత్తుతుంది తప్ప పలకదు. "పాప తెలివైందే, నోరే తెరవదు" అని టీచరు పోయిన నెలలో అన్నప్పటి నుంచి మల్లీశ్వరికి అన్నం సయించడం లేదు. తాను చదివింది ఏడో తరగతి వరకే అయినా ఆపైన ఏం జరుగుతుందో ఆమె ఊహించుకోగలదు. ఆరులో నోరు తెరవని పిల్లను ఏడులో వెనక బెంచీకి పంపుతారు, ఎనిమిదిలో మరిచిపోతారు, తొమ్మిదిలో మేకలు తోలుకొమ్మంటారు. అలాంటి పిల్ల ఈసారి తనంతట తానే అంది: "నేను చెప్తా మా. అందరి ముందరా చెప్తా. కానీ రాళ్ళతో చేస్తేనే. అట్టతో చేస్తే అది పిరమిడ్ కాదు, పుట్టినరోజు టోపీ."

ఆ మాట వినడానికి మల్లీశ్వరి నిజంగా ఈజిప్టు నుంచే రాళ్ళు తెప్పించమన్నా తెప్పించేది. అంత దూరం పోవలసిన పని పడలేదు. భర్త తిప్పేష్ తాడిపత్రిలో బండలు పాలిష్ చేసే షెడ్డులో పని చేస్తాడు. శనివారం సాయంత్రం ఇటు వచ్చే లారీలో నల్లబండ కోత ముక్కలు వేసుకొని దిగాడు. ఆదివారమంతా తండ్రీకూతుళ్ళు వాకిట్లో ఒక పాత తలుపు రెక్క పరిచి, దాని మీద వరుస వెంట వరుస పేర్చి, సిమెంటుతో అతికి, పైకి పోయేకొద్దీ సన్నం చేసి, మోకాలు దాటే పిరమిడ్‌ను నిలబెట్టారు. చూడ్డానికి బాగానే ఉంది. నల్లగా, నున్నగా, దిష్టి తగిలేటట్టుగా ఉంది. "తలుపు మీద కట్టినాం కదా, అట్లే ఎత్తుకోని పోతే సరి" అని చెప్పి, తెల్లారేసరికి తిప్పేష్ బస్సెక్కి వెళ్ళిపోయాడు.

రొట్టెలయ్యాయి, జడ అయింది. మల్లీశ్వరి కొంగు బిగించి తలుపు రెక్కకు ఒక పక్క చెయ్యేసింది. రెండో పక్క లహరి వేసింది. ఇద్దరూ ఊపిరి బిగబట్టి ఎత్తారు. పిరమిడ్ కదల్లేదు. మల్లీశ్వరి నడుములో మాత్రం ఏదో కదిలింది. ఇక జన్మలో లేచి నడవలేనని ఆమె అక్కడికక్కడే తీర్మానించుకొని, లేచి నడిచి ఇంట్లోకి పోయి, భర్తకు ఫోను చేసింది.

అవతల రాతి మిషన్లు అరుస్తున్నాయి.

"దీన్ని ఎవరు మోయాల?" అంది.

"యేందాన్ని?"

"కొండను. నువ్వు కట్టి పోయిందే."

"కట్టమంటే కట్టినా. మోసేది నాకెవరూ చెప్పల్యా," అన్నాడు తిప్పేష్. "నలుగురు మగోళ్ళను పిలుచుకో."

ఆ వేళప్పుడు సందులో మగవాళ్ళు ఎక్కడుంటారు? కొందరు చేలల్లో, కొందరు ధర్మవరం మగ్గాల మీద. మిగిలింది పక్కింటి జమాల్ సాబ్ ఒక్కడే. ఆయనను కుర్చీలోంచి లేపడానికే ఇద్దరు కావాలి. అందుకని ఆయన భార్య మదీనాబీ వచ్చింది. వచ్చి పిరమిడ్ చుట్టూ ఒకసారి తిరిగి చూసింది.

"ఏం మే మల్లీశ్వరీ, ఎవరి సమాధి ఇది, మీ వాకిట్లో?"

"అట్లనొద్దక్కా. పిల్లలు తిరిగే ఇల్లు. అది బొమ్మ."

"సమాధే అత్తా," అంది లహరి హుషారుగా. "లోపల గది గూడా ఉండాది. రాజు పోతే ఉప్పులో ఎండబెట్టి, గుడ్డ చుట్టి, గదిలో పండబెట్టేవాళ్ళు. నేను చెక్క బొమ్మకు చుట్టి పండబెట్టినా."

"ఏం గుడ్డ?" అంది మల్లీశ్వరి.

"నీ తెల్ల లంగా అంచు."

తన లంగా గుడ్డలో చుట్టిన రాజు తన వాకిట్లోనే నిద్రపోతున్నాడని తెలిశాక, నిన్నటి నుంచి కుడి కన్ను ఎందుకు అదురుతోందో మల్లీశ్వరికి అర్థమైంది. దీన్ని పది గంటలకే కాదు, ఉన్న పాటున ఇల్లు దాటించాలి. మదీనాబీ తమ బండికి కట్టే మోకుతాడు తెచ్చింది. తలుపుకు బందులుండే తూట్లలో మోకు దూర్చి ముడి వేశారు. ముగ్గురూ కలిసి లాగారు. వాకిలి గట్టి నేల కాబట్టి కరకరమంటూ కదిలింది. సందులోకి దిగగానే ఆగిపోయింది.

సందంతా ఇసుక. ఎప్పుడో ఒక ఏడు వంక పొంగి తెచ్చి పోసిన ఇసుక అది. ఆ తర్వాత వంకలోకి నీళ్ళు రాలేదు గానీ ఇసుక మాత్రం అలాగే కాపురం పెట్టింది. తలుపు ముందు అంచు అందులోకి దిగబడి, ఎదురుగా చిన్న గుట్ట లేచింది. లాగేకొద్దీ గుట్ట పెరిగింది.

"ముందర ఇంగొకటి కడతాండాం," అంది మదీనాబీ ఆయాసపడుతూ.

"మా, ముందర నీళ్ళు పోయాల," అంది లహరి.

"ఎవరు చెప్పినారు?"

"ఈజిప్టోళ్ళే. ఒక సమాధి గోడ మీద బొమ్మ గీసిపెట్టినారు. పెద్ద విగ్రహాన్ని చెక్క బల్ల మీద పెట్టి శానా మంది లాగుతాంటారు. ముందర ఒకాయన నిలబడుకోని ఇసుక మీద నీళ్ళు పోస్తాంటాడు. తడిస్తే ఇసుక గట్టిపడతాది, గుట్ట లేయదు. ఎక్కువ పోయకూడదు, బురదైతాది."

మల్లీశ్వరి కూతురి వైపు చూసిన చూపుకు ఆ ఇసుక ఎండకంటే ఎక్కువ కాగిపోయి ఉండాలి. "వాళ్ళకు పక్కనే నది ఉండాది. మనకేముండాది? వారానికొకతూరి వచ్చే ట్యాంకరు. బియ్యం కడిగిన నీళ్ళతో గిన్నెలు కడిగి, ఆ నీళ్ళు కరివేపాకు చెట్టుకు పోస్తా నేను. నన్ను ఇసుకకు పోయమంటావా? బుద్ధుండాదా ఆ ఈజిప్టోళ్ళకు?"

లహరి అప్పటికే బడి వైపు తిరిగి పెదాలు కదుపుతోంది. అధికారికి చెప్పవలసిన నాలుగు మాటలూ వల్లె వేసుకుంటోంది. అది చూడగానే మల్లీశ్వరి కోపం నోట్లోనే ఉండిపోయింది. ఇంట్లోకి పోయి, నింపి పెట్టుకున్న బిందె తెచ్చింది. చెంబుతో తీసి, తన చేయి చేసే పాపం తన కన్ను చూడకుండా ముఖం పక్కకు తిప్పుకొని, ఇసుక మీద సన్నగా ధార పోసింది.

మోకు లాగారు. తలుపు జారింది. అంతకు ముందు మొండికేసిన పిరమిడ్ అత్తారింటికి పోయే అల్లుడిలా హాయిగా సాగింది. మల్లీశ్వరి పోయడం, ముగ్గురూ లాగడం, మళ్ళీ పోయడం, మళ్ళీ లాగడం. అలా ఇళ్ళు దాటుకుంటూ, సందు వంపు తిరిగి అవతలికి పోయారు. వెనక వాళ్ళ వాకిలి నుంచి వంపు దాకా ఇసుక మీద పొడవాటి తడి చార మిగిలింది.

చిక్కంతా ఆ చారతోనే వచ్చింది. ఆ ఊళ్ళో అలాంటి తడి చారకు ఒకే ఒక్క అర్థం ఉంది. నీళ్ళ ట్యాంకరు కొళాయి ఎప్పుడూ కారుతూ ఉంటుంది. అది పోయిన దారంతా చార పడుతుంది. ఆడవాళ్ళు చార కనిపిస్తే చాలు, ఇంకేమీ అడక్కుండా బిందె ఎత్తుకొని దాని వెంట పరుగెత్తుతారు. చార ఆగిన చోట ట్యాంకరు ఉంటుంది. ముందు పెట్టిన బిందెకు ముందు వంతు.

ఎదురింటి గంగక్క చీపురు పట్టుకొని బయటికి వచ్చి, చార చూసి, చీపురు కింద పడేసింది.

"మే, ట్యాంకరొచ్చినాది. చప్పుడు చేయకుండా పోతాంది."

"ఈపొద్దు వచ్చే దినం కాదు కదా?" అంది లోపలి నుంచి కోడలు జయంతి.

"అందుకే చప్పుడు చేయల్యా."

ఇక అడగాలా? ఒక్కొక్క గడపలోంచి ఒక్కొక్క బిందె దూకింది. వంపు తిరిగేసరికి వాళ్ళకు ట్యాంకరు కనిపించలేదు. చార ఆగిన చోట నల్లటి రాళ్ళ గుట్ట ఒకటి కనిపించింది. ముందు వచ్చిన గంగక్కకు అదేమిటో తెలియలేదు, అయినా దాని వెనకే బిందె పెట్టింది. ఆమె పెట్టింది కాబట్టి జయంతి పెట్టింది. జయంతి పెట్టింది కాబట్టి మిగిలిన వాళ్ళందరూ పెట్టారు. చూస్తుండగానే వరుస వంపు దాటి వెనక్కి పోయింది. వెనక ఉన్న వాళ్ళకు ముందు ఏముందో తెలియదు. తెలియకపోయినా వంతుల కోసం రెండు చోట్ల జుట్లు పట్టుకునే దాకా వచ్చారు.

"ట్యాంకరేది?" అంది గంగక్క.

"లేదు గంగక్కా. ఇది పిరమిడ్," అంది మల్లీశ్వరి.

"ఇది అడ్డం తీస్తే వస్తాదా?"

"రాదు."

"మరి తడి యాడిది?"

మల్లీశ్వరి చెంబును వీపు వెనక దాచుకుంది. చేసిన పనుల్లో అదే పెద్ద తప్పు. గంగక్క చెంబును చూసింది, పక్కనున్న బిందెను చూసింది, తడి ఇసుకను చూసింది.

"నువ్వు పోసినావా? ఇసుకకా?"

"పాప బడికి..."

"తాగేకి లేక మేం చస్తాంటే, నువ్వు సందుకు తలకు పోస్తాండావా?" గంగక్క గొంతు వరుస చివరిదాకా వినిపించింది. "ఇసుకకు పోసేన్ని నీళ్ళు ఎవరికుంటాయి మే? చాటుగా ట్యాంకరు దించుకున్నోళ్ళకే ఉంటాయి. తడి ఈమె వాకిట్లో నుంచే మొదలైనాది. నేను చూసినా."

ఆ తర్కంలో ఎవరికీ లోపం కనిపించలేదు. మల్లీశ్వరికి మాత్రం కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ నీళ్ళు కూడా ఎక్కడివని అడుగుతారేమోనని భయపడి తుడుచుకుంది. "నా ఇంట్లోకొచ్చి చూడండి. తొట్టిలో బల్లి పడితే మునగదు. నేను దొంగగా పోయించుకుంటానా? ఆ యేసన్ననే అడగండి."

"అడుగుతాండా," అని జయంతి అప్పటికే ఫోను చెవికి పెట్టుకుంది. యేసన్న ట్యాంకరు తోలే మనిషి. "అన్నా, మా సందులో ఒక్క ఇంటికే పోసి పోయినావంటనే" అని ఆమె మొదలుపెట్టేసరికి, అవతలి మనిషికి వచ్చిన కోపం ఫోను దాటి అందరికీ వినిపించింది. "నేనా? ఆడనే ఉండండి. ఒక్కరు గూడా కదలొద్దు."

కదలమన్నా కదిలే స్థితిలో ఎవరూ లేరు. మల్లీశ్వరి బడి వైపు చూసింది. గంట కొట్టిన చప్పుడు వినిపించింది. కూతురి వైపు చూసింది. లహరి ఆమె వెనక నక్కి, కొంగు పట్టుకొని, పెదాలు గట్టిగా బిగించుకొని ఉంది. పొద్దున్నుంచి కదులుతున్న ఆ పెదాలు ఆగిపోయాయి. మల్లీశ్వరికి పిరమిడ్ మీద ఉన్న ఆశ పోయింది. ఆమెకు మేకలు కనిపించాయి.

ఇంతలో వెనక నుంచి ట్రాక్టరు హారను మోగింది. యేసన్న నిండు ట్యాంకరుతో వచ్చి బిందెల వరుస వెనక ఆపి, దిగి, పైకెక్కి మూత తీసి చూపించాడు.

"చూడండమ్మా. గొంతు దాకా ఉండాయి. ఒక్క చుక్క పోయల్యా నేను. ఎవరు నన్ను దొంగ అనింది?"

ఎవరూ అనలేదు. అందరికంటే గట్టిగా గంగక్క అనలేదు.

"వచ్చినావు కదా నాయనా, పొయ్యి," అంది ఆమె.

"ఈడ పోయను. సందు మొత్తానికీ అందాలంటే బడి కాడ తొట్టిలోనే పోయాల."

"ఔను," అన్నారు సందు దిగువన, బడి వైపు ఇళ్ళ ఆడవాళ్ళు. "ఈడ పోస్తే పైనోళ్ళే పట్టుకుంటారు."

"అయితే ముందర ఆ గుట్ట తీయండి. తీయకపోతే వెనక్కి తోలుకోని పోతా."

అంతవరకు మల్లీశ్వరిదైన పిరమిడ్ ఆ క్షణం నుంచి సందు మొత్తానిది అయిపోయింది. బిందెలు పక్కకు పోయాయి. మోకు మీద ఎన్ని చేతులు పట్టాయో లెక్కలేదు. లాగారు. కానీ గంగక్క తన ఇంటి వైపు, జయంతి గోడ వైపు, మిగిలిన వాళ్ళు ఎవరికి తోచిన వైపు లాగారు. పిరమిడ్ అడ్డం తిరిగి గోడకు కొట్టుకుంది. పైరాయి ఊగింది. రాళ్ళు విడిపోయి, తన లంగా గుడ్డ చుట్టుకున్న రాజు నడి సందులో దొర్లడం మల్లీశ్వరికి కళ్ళకు కట్టినట్టు కనిపించింది.

"ఆగండి."

ఎవరి గొంతో ఎవరికీ తెలియలేదు. మల్లీశ్వరి కూడా ఎవరా అని వెనక్కి తిరిగి చూసింది. లహరి బోర్లించిన బిందె మీద నిలబడి ఉంది. మొహం ఎర్రగా ఉంది.

"గంగవ్వా, నువ్వు పక్కకు లాగొద్దు. జయంతక్కా, మోకు వదులు చేయొద్దు. రెండు వరుసలుగా నిలబడండి. నేను లాగు అంటేనే లాగాల, అందరూ ఒకేతూరి. ఈజిప్టులో అట్లే లాగినారు."

"వాళ్ళకు కూలి ఇచ్చినారా?" అంది గంగక్క.

"ఇచ్చినారవ్వా. రొట్టెలు, బీరు. చేపలు గూడా."

"అబ్బో. మాకు నీళ్ళన్నా ఇయ్యండప్పా."

అందరూ నవ్వారు. యేసన్న కూడా నవ్వి, కొళాయి తిప్పి ఒక బిందె పట్టి ఇచ్చాడు. దాన్ని చెంబుతో ముందర పోసే పని, పొద్దున్నుంచి చెయ్యి కుదిరింది కాబట్టి, మల్లీశ్వరికే వచ్చింది. ఈసారి ఆమె ముఖం తిప్పుకోలేదు. "లాగు" అని లహరి కేక వేసింది. పిరమిడ్ జారింది. "లాగు." మళ్ళీ జారింది. ఆ అరుపులకు పిల్ల గొంతు ఎండిపోయి జన్మలో మళ్ళీ మాట రాదేమోనని మల్లీశ్వరి భయపడుతూనే పోసింది.

బడి ఆవరణలో బల్ల మీద అట్ట పిరమిడ్లన్నీ వరుసగా ఉన్నాయి. అధికారి త్వరగా వచ్చి, త్వరగా చూసి, జీపెక్కి కూర్చున్నాడు. కానీ జీపు కదలడానికి దారి లేదు. గేటులో పిరమిడ్ ఉంది, దాని వెనక ఆడవాళ్ళు, వాళ్ళ వెనక ట్యాంకరు. వేరే గతి లేక ఆయన దిగాడు.

"ఇది ఎవరు చేశారు?"

"నేను, మా నాయన చేసినాం సార్," అంది లహరి, సందులో వేసిన గొంతుతోనే. భారతి టీచరు చేతిలోని సుద్దముక్క కింద పడింది. నాలుగు మాటలు చెప్పవలసిన పిల్ల రాజు గది దగ్గర మొదలుపెట్టి, ఉప్పు, గుడ్డ, నది, పడవల మీద రాళ్ళు రావడం, కూలీలకు వేరుగా ఊరు కట్టడం, అన్నీ చెప్పింది. మొదట మల్లీశ్వరి పొంగిపోయింది. కాసేపటికి, ఈ పిల్ల ఇక ఆపదేమోనని బెంగ పడింది.

అధికారి తల ఊపాడు. "బాగుంది. అయితే ఈజిప్టులో కూడా ఇలాగే అందరూ కలిసి పిరమిడ్‌ను లాక్కొని వచ్చారన్నమాట."

"లేదు సార్. వాళ్ళు ఒక్కొక్క రాయే లాగినారు. తెచ్చుకోని ఆడనే పేర్చినారు. కట్టినంక ఎవరూ లాగల్యా."

మోకు పట్టిన ఆడవాళ్ళందరూ తమ అరచేతుల వైపు చూసుకున్నారు. మదీనాబీ నేల మీద కూలబడింది.

"ఆ మాట పొద్దున చెప్పకూడదా మే?" అంది మల్లీశ్వరి పళ్ళు కొరుకుతూ.

"నీళ్ళు పోయమని ఎవరు చెప్పినారని అడిగితివి. ఎట్ల కట్టినారని అడగల్యా."

అధికారి నవ్వాపుకోలేకపోయాడు. పాప వీపు తట్టాడు. ఇంత బాగా చెప్పే పిల్లను తాను ఈ మధ్య చూడలేదన్నాడు. వచ్చే వారం అనంతపురంలో జిల్లా ప్రదర్శన ఉందనీ, పాపనూ పిరమిడ్‌నూ అక్కడికి తీసుకురావాలనీ చెప్పాడు. భారతి టీచరు చప్పట్లు కొట్టింది. గంగక్క మాత్రం మోకు వదిలేసి మెల్లగా ట్యాంకరు చాటుకు పోయింది.

"పాపను పంపిస్తా సార్," అంది మల్లీశ్వరి. "పిరమిడ్ చూడాలనుకున్నోళ్ళే ఈజిప్టుకు పోతారంట కదా, అనంతపురమోళ్ళనే ఈడికి రమ్మనండి."